ఎక్స్‌రే బండి

బండి చేతికి రాకముందే దానికి పేరు పెట్టేశారు.

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస," అంది టైలరక్క, మిషను తొక్కడం ఆపకుండానే. ఆమె కొట్టు ముందుగదిలో, గుడ్డపీలికల మధ్య, తమ్ముడూ వాడి స్నేహితుడూ నేలమీద పెద్ద మ్యాపు పరుచుకుని బోర్లా పడుకున్నారు. ఫ్యాను గాలికి లేచిపోకుండా దానికి ఒక మూల కత్తెర, ఇంకో మూల ఇస్త్రీపెట్టె బరువు పెట్టారు. మైదానాలు దాటాలి, ఎడారి అంచున కొన్నాళ్ళు ఆగాలి, అక్కణ్ణుంచి కొండలెక్కి మంచు కనుమ దాకా పోవాలి. బండిలోనే వంట, బండిలోనే పడక. ఎర్ర పెన్సిలు గీత మ్యాపు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకిపోయింది.

తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. స్నేహితుడు మెకానిక్కు. బడికెళ్ళే రోజుల్లోనే పుస్తకం మరిచిపోయినా జేబులో స్పానరు మరిచిపోయేవాడు కాదని వాడికి స్పానరనే పేరు స్థిరపడిపోయింది. మూడో మనిషి ఒకడు ఉండాలి, పోస్టాఫీసు గుమస్తా. కానీ వాడి భార్య ఒక్క చూపు చూసేసరికి వాడికి ఉన్నట్టుండి నడుంనొప్పి పట్టుకుంది. ఆ ఖాళీ తనదంది టైలరక్క.

"నువ్వెందుకక్కా? ఆ కొండదారుల కుదుపులకి..." అని నసిగాడు తమ్ముడు.

"నా కుదుపుల సంగతి నేను చూసుకుంటాను. నీ ఊపిరి సంగతి ఎవరు చూస్తారు?"

వాడు తల దించుకుని మళ్ళీ పెన్సిలు అందుకున్నాడు. రంగుల వాసనే తినేసిందో, వాడి రాతే అంతో, ఆ మధ్య ఊపిరితిత్తులు పాడై మంచానికి అతుక్కుపోయాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది అక్కే. గుక్క తిరగక వాడు గోడ పట్టుకుని నిలబడిన రాత్రుల్లో వాడి వీపు నిమురుతూ ఆమే నిలబడింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే కొలత టేపు వాడి ఛాతీ చుట్టూ వేస్తుంది. "పీల్చు... వదులు." పీల్చినప్పటికీ వదిలినప్పటికీ ఉన్న తేడా చూస్తుంది. మొదట్లో అది గోరు మందం కూడా లేదు. ఇప్పుడు రెండు వేళ్ళు దూరుతున్నాయి. వెళ్ళిరావచ్చు, కానీ ఏ కాస్త ఆయాసం వచ్చినా వెనక్కి తిప్పెయ్యండి అన్నాడు డాక్టరు. మంచు చూడాలన్నది వాడు మంచంలో ఉండగా పెట్టుకున్న కోరిక. వద్దనడానికి ఆమెకి మనసొప్పలేదు.

అసలు "వదలండి" అన్నది ఆమె నోట ఊతపదం. కొలతలివ్వడానికి నిలబడగానే ఎంత పెద్దమనిషైనా పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టేస్తాడు. "ఊపిరి వదలండి, బట్ట మీకే కుడుతున్నాను, మీ పరువుకి కాదు," అంటుంది. ఆ మాట అనకుండా ఆమె ఎవరి కొలతా తీసుకోలేదు.

బండి ఊరి చివర ఒక ముసలి డ్రైవరు పెరట్లో దొరికింది. గుండ్రటి ముక్కు, పాలిపోయిన మీగడ రంగు, వెనక భాగానికి ఒక్క కిటికీ కూడా లేదు. ఒకప్పుడు ఊళ్ళ వెంట తిరుగుతూ జనం ఊపిరితిత్తుల ఫొటోలు తీసిన ఎక్స్‌రే బండి అది. వెనక గదిలో మెషీను తీసేశారు గానీ ఛాతీ ఆనించే ఇనప పలక, దాని మీద గడ్డం ఆనించే చిన్న పీట అలాగే ఉన్నాయి. ముందు వైపు, సీసపు రేకు గోడ అవతల, టెక్నీషియను కూర్చునే క్యాబిన్. దానికి వేరే తలుపు, ఒక బల్ల, ఒక కుర్చీ, బొత్తాం ఉన్న మైకు. అందులో మాట్లాడితే వెనక గదిలో గుమ్మం మీదున్న స్పీకరులో వినిపిస్తుంది.

"నా జబ్బుకి తగ్గ బండే దొరికింది," అని తమ్ముడు పగలబడి నవ్వాడు. చాలా రోజులకి వాడలా నవ్వడం. ఆ నవ్వు చూశాక టైలరక్క కూడా సరే అనేసింది.

తాళాలిచ్చేటప్పుడు ముసలాయన ఆమెను పక్కకి పిలిచాడు.

"నువ్వు పెద్దదానిలా ఉన్నావు, నీకు చెప్తున్నానమ్మా. ఆ మైకు జోలికి పోవద్దు. పీకొద్దు, మాట్లాడొద్దు. ఖర్మ కాలి ఎవరైనా మాట్లాడితే మాత్రం, మొదలెట్టింది పూర్తి చెయ్యండి. సగంలో వదిలి దిగిపోవద్దు."

"అదేంటి బాబాయ్, అంత మాటన్నారు?"

ఆయన తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "ఈ బండిలో పనిచేసిన టెక్నీషియను చాలా నిక్కచ్చి మనిషి. లైనులో ఆఖరి మనిషి అయ్యేదాకా అన్నం ముట్టేవాడు కాదు. ఒకరోజు బడిపిల్లల్ని తెచ్చారు. బయట లైను చాంతాడంత. లోపల ఒక పాప నిలబడింది. ఊపిరి పీల్చండి అన్నాడు, బిగపట్టండి అన్నాడు... అంతే. ఆయన గుండె ఆగిపోయింది పాపం. నేను బయట నీడలో కూర్చున్నాను. బల్లమీద ఏదో పడ్డ చప్పుడైతే, ఫైళ్ళేమో అనుకున్నాను. ఎంతసేపటికీ ఎవరూ దిగకపోతే వెళ్ళి చూశాను. ఆయన బల్లమీద తల వాల్చేసి ఉన్నాడు."

"మరి ఆ పాప?"

"క్లాసులో ఎవరికన్నా ఎక్కువ మాట వినే పిల్లట, తర్వాత వాళ్ళ టీచరు చెప్పింది." ముసలాయన బండివైపు చూడకుండా అన్నాడు. "మనిషన్నవాడు అంతసేపు ఊపిరి బిగబట్టి ఉండలేడమ్మా. ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ తలుపు తీసేసరికి ఆ పిల్ల ఇంకా పలకకి ఆనుకునే ఉంది."

దారిలో ఈ సంగతి చెప్తే స్పానరు స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. "ముసలాయనకి బండి వదలబుద్ధి కాలేదక్కా, అందుకే ఈ కథలు." తమ్ముడు నవ్వలేదు గానీ మాట మార్చేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ బండి మీద వాడు అప్పటికే మనసు పారేసుకున్నాడు.

స్పానరు షెడ్డులో పనులు మొదలయ్యాయి. వాడు ఇంజను విప్పాడు. తమ్ముడు పైన రంగు వేశాడు. ఎన్ని పూతలు వేసినా తెల్లారేసరికి ఎక్స్‌రే బండి అన్న పాత అక్షరాలు మసకమసగ్గా పైకి తేలేవి. పాత రంగు అంతే, కొత్త రంగుని తాగేస్తుంది అన్నాడు వాడు. గడ్డం పీట మాత్రం ఎవరి మాటా వినలేదు. మర తిప్పితే పైకీ కిందికీ జరగాలి. కానీ తుప్పు పట్టి ఒకచోట బిగుసుకుపోయింది, బడిపిల్ల ఎత్తులో. స్పానరు నూనె పోశాడు, సుత్తితో బాదాడు, చివరికి నాలుగు బూతులు తిట్టి వదిలేశాడు.

టైలరక్క పడకల చుట్టూ కట్టే కర్టెన్లకి కొలతలు తీసుకోవడానికి లోపలికి వెళ్ళేది. సీసపు గోడల మధ్య బయటి చప్పుళ్ళు వినపడవు. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. మందు నీళ్ళ వాసన, సుద్దముక్కల వాసన, వాటి వెనక ఇంకేదో వాసన ఉండేది. అదేమిటో ఆమెకి ఎంతకీ అందలేదు. ఒక సంగతి మాత్రం గమనించింది. దిగి బయటికి వచ్చిన ప్రతిసారీ ఆమెకి పెద్దగా నిట్టూర్పు వచ్చేది, అప్పటిదాకా ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు. మందు వాసన పడక అలా అవుతోందనుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. షెడ్డులో దీపాలు వెయ్యాల్సినంత చీకటి. బయల్దేరడానికి ఇంకెన్నో రోజులు లేవు. స్పానరు పొద్దున్నే బండి బ్యాటరీ ఊడదీసి, చార్జింగు కోసం పనిబల్ల మీద పెట్టాడు. టైలరక్క బండి వెనక మెట్టు మీద కూర్చుని కర్టెన్ల అంచు మడిచి కుడుతోంది. లోపల తమ్ముడు పడకలు ఎక్కడ బిగించాలో సుద్దతో గీతలు గీస్తున్నాడు.

స్పానరుకి ఊరికే ఉండబుద్ధి కాలేదు. క్యాబిన్లోకి దూరి కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు. "ఏమయ్యా పేషెంటూ! తర్వాతి వాళ్ళు రండి!"

"ఒరేయ్, ఆ మైకు ముట్టుకోవద్దని చెప్పాడు కదరా పెద్దాయన," అంది టైలరక్క సూది నోట్లోంచి తీసి.

"బ్యాటరీయే లేదు, ఇంకేం మైకక్కా!"

తమ్ముడు నవ్వుతూ పలక ముందు నిలబడ్డాడు. పీట బాగా కిందికి ఉండడంతో మోకాళ్ళు వంచి, కోతి కూర్చున్నట్టు వంగి, గడ్డం ఆనించాడు.

"గడ్డం పైకి. భుజాలు ముందుకి. ఊపిరి పీల్చండి..." స్పానరు గొంతు గంభీరంగా పెట్టాడు. "బిగపట్టండి."

సరిగ్గా అప్పుడే షెడ్డు గేటు దగ్గర ఎవరో హారను మోగించారు, ఆపకుండా. వానతోపాటే వచ్చాడు ఆ మనిషి. గేటు ముందు బురదగుంటలో కారు దిగబడిందట. స్పానరు క్యాబిన్ తలుపు తీసుకుని ఒక్క దూకు దూకాడు. పెద్ద చినుకులు జల్లుగా షెడ్డులోకి కొట్టేసరికి టైలరక్క గుడ్డలన్నీ గుండెలకి హత్తుకుని పనిబల్ల దగ్గరికి పరిగెత్తింది. ఆమె వెనక గాలికి బండి తలుపు ధడాలున మూసుకుంది.

ఆమె గుడ్డలు మడతపెట్టింది. స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. మూడు గ్లాసుల్లో పోసి, ఒకటి తను తాగింది. రేకుల మీద వాన హోరులో ఇంకేమీ వినిపించడం లేదు. తమ్ముడి గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

"ఒరేయ్, టీ చల్లారిపోతోంది!"

ఈ హోరులో వాడికేం వినిపిస్తుంది అనుకుంది.

స్పానరు మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు. గ్లాసు అందుకుంటూ చుట్టూ చూశాడు. "వాడేడక్కా?"

"నీతో రాలేదా?"

ఇద్దరూ ఒకేసారి బండివైపు చూశారు.

టైలరక్క చూపు పనిబల్ల మీదికి జారింది. బ్యాటరీ అక్కడే ఉంది, వైర్లు ఊడదీసి. ఇందాక మెట్టు మీద కూర్చున్నప్పుడు స్పానరు గొంతు ఆమెకి వినిపించింది. క్యాబిన్ వైపునుంచి కాదు. తల మీదనుంచి, స్పీకరులోంచి.

ఆమె పరిగెత్తింది.

తలుపు లాగితే లోపల చిక్కటి చీకటి. వాన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ వాసన వచ్చింది, ఇన్నాళ్ళూ అందకుండా తప్పించుకున్నది... నూనె పెట్టి బిగించి అల్లిన చిన్నపిల్ల జడ వాసన.

"తమ్ముడూ..."

వాడు పలక ముందే ఉన్నాడు. మోకాళ్ళు వంచి, అలాగే. గడ్డం పీట మీద ఉంది. భుజాలు ముందుకి ఉన్నాయి. బుగ్గలు బిగుసుకుని, కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పెదాలు నీలంగా మారాయి. రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి... ఇంతసేపు... కాలు కూడా వణకడం లేదు.

"వదులు! ఊపిరి వదలరా!" భుజాలు పట్టి కుదిపింది. చెంప మీద కొట్టింది. ఇనప పలకని కొట్టినట్టుంది. వాడి కళ్ళు మాత్రం ఆమెవైపు తిరిగాయి. ఆ కళ్ళలో భయం ఉంది. చెప్పినట్టు వినాలి కదా అని బతిమాలుతున్నట్టు ఉంది.

మొదలెట్టింది పూర్తి చెయ్యండి.

ఆమె కిందికి దూకి, బండి చుట్టూ తిరిగి, క్యాబిన్లో పడింది. మైకు అందుకుంది.

"బ్యాటరీ లేదక్కా!" స్పానరు గొంతు చీరుకుపోయింది. "అది పనిచెయ్యదు!"

ఆమె బొత్తాం నొక్కింది. ప్రతి రోజూ ఎంతమందికో చెప్పే మాట. గొంతు వణక్కుండా, కొలత తీసుకునేటప్పుడు చెప్పినట్టే చెప్పింది.

"ఇక... వదలండి."

సీసపు గోడ అవతల, స్పీకరులో, తన గొంతు తనకే వినిపించింది.

తర్వాత తమ్ముడి ఊపిరి వినిపించింది. పగిలిన సంచీలోంచి గాలి పోయినట్టు, ఒక్కసారిగా. దాని వెంట దగ్గు, దాని వెంట వాడు నేలమీద పడ్డ చప్పుడు.

దాని తర్వాత... ఇంకో ఊపిరి. చిన్నది, సన్నటిది. అది ఎంతకీ అయిపోలేదు. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్నది కొంచెం కొంచెంగా వదులుతున్నట్టు, చివర్లో చిన్న వెక్కు. వెనక మెట్టు కిర్రుమంది. బండి ఒక పక్కకి కొద్దిగా, చాలా కొద్దిగా ఒరిగి, మళ్ళీ లేచింది. నూనె జడ వాసన ఆమె పక్కనుంచి గేటువైపు వెళ్ళిపోయింది.

టైలరక్కకి ఏడుపు ఆగలేదు. భయం కన్నా జాలే ఎక్కువేసింది. "పో తల్లీ, మీ ఇంటికి పో," అని గొణిగింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లకి ఆ ఒక్క మాట చెప్పే దిక్కు లేకపోయింది.

ఇద్దరూ కలిసి తమ్ముణ్ణి బయటికి మోసుకొచ్చారు. షెడ్డులో గోనెసంచుల మీద కూర్చోబెట్టి, ఆమె మెడలోంచి టేపు తీసి వాడి ఛాతీ చుట్టూ వేసింది.

"పీల్చు... వదులు... మళ్ళీ..."

టేపు బిగుసుకుంటోంది, వదులవుతోంది. రెండు వేళ్ళు. తగ్గలేదు. ఆమె వాడి తల గుండెకి అదుముకుంది. "మంచూ వద్దు, మన్నూ వద్దురా. ఇంటికి పోదాం."

"నేను వదిలేద్దామనే అనుకున్నానక్కా," అన్నాడు వాడు గుసగుసగా. "కానీ ఇంకా చెప్పలేదుగా..."

అది వినేసరికి స్పానరుకి పిచ్చి పట్టినట్టయింది. "అంతా నా వల్లే," అంటూ క్యాబిన్లోకి దూసుకుపోయాడు. లోపల ఫట్టుమని తెగిన చప్పుడు. మైకు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు, దాని వైర్లు తోకల్లా వేలాడుతున్నాయి. "అయిపోయింది. ఇక ఎవరూ ఇందులో మాట్లాడలేరు."

టైలరక్క నోరు తెరిచింది. పీకొద్దన్నాడు కదరా, అనబోయింది.

బండి వెనక గదిలో ఏదో కిర్రుమంది.

తుప్పు పట్టిన మర తిరుగుతున్న చప్పుడు. కిర్రు... కిర్రు... సుత్తి దెబ్బలకి కూడా జరగని ఆ గడ్డం పీట తీరిగ్గా పైకి లేస్తోంది. పెద్దమనిషి ఎత్తుకి వచ్చి ఆగింది.

స్పీకరు గరగరమంది. మగ గొంతు. అలసిపోయిన గొంతు, పని ఇంకా చాలా ఉన్నవాడి గొంతు.

"తర్వాతి వాళ్ళు."

ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

"గడ్డం పైకి."

ఆమె చేతుల్లో ఉన్న తమ్ముడి తల మెల్లగా పైకి లేచింది. వద్దు, వద్దు అనుకుంటుండగానే... ఆమె గడ్డం కూడా.

"ఊపిరి పీల్చండి."

వేళ్ళ మధ్య టేపు బిగుసుకుంది.

"బిగపట్టండి."

టైలరక్క ఎదురుచూసింది. టేపు వదులు కాలేదు. గుమ్మంలో స్పానరు తల ఎత్తి నిలబడి ఉన్నాడు, బుగ్గలు బిగుసుకుని, తెగిన మైకు చేతిలో పట్టుకుని. వదలండి. ఒక్క మాట. రోజూ అనే మాటే. అది నాలుక చివర ఉంది. కానీ ఆ మాట అనాలంటే ముందు తను ఊపిరి వదలాలి.

క్యాబిన్లో కుర్చీ కిర్రుమంది. బల్లమీద ఏదో బరువుగా వాలిన చప్పుడైంది. ఆ తర్వాత స్పీకరులోంచి ఇంకేమీ వినిపించలేదు.